పాత కారు: కొన్న ధర వేరు, పడే ఖర్చు వేరు

"రెండు లక్షల ఎనభై వేలకే కారు దొరికిందండీ, అంతా ప్రభువు కృప" అనే మాట మన సంఘాలలో ఇప్పుడు తరచుగా వినబడుతున్నది. సంతోషమే. ముసలి తల్లిదండ్రులను ఎండలో ఆటో కోసం నిలబెట్టకుండా ఆరాధనకు తీసుకొని రావచ్చు. అయితే ఆ రెండు లక్షల ఎనభై వేలు మొదటి భాగము మాత్రమే. లూకా సువార్త 14వ అధ్యాయములో గోపురము కట్టబోయేవాని లెక్కను గూర్చి ప్రభువు చెప్పిన మాట పాత బండి కొనేవారికి చక్కగా వర్తిస్తుంది. పునాదికి డబ్బు చాలామంది దగ్గర ఉంటుంది.

ఊరికే మాట్లాడుకోవడము కంటె ఒక బండినే తీసుకొందాము. మారుతి స్విఫ్ట్ డిజైర్ 2008లో వచ్చింది. 2012లో డిక్కీ కుదించి, నాలుగు మీటర్లలోపు పొడవుతో రెండవ రూపము వచ్చింది. టాక్సీగాను, ఇంటి బండిగాను బాగా తిరిగిన కారు. స్పేర్లు చిన్న పట్నాలలో కూడా దొరుకుతాయి. దీని గుట్టు తెలియని మెకానిక్ షెడ్డు ఉండదు.

మేమెరిగిన ఒక ఉపాధ్యాయుని కుటుంబము 2013 నమూనా డీజిల్ డిజైర్‌ను పై ధరకే కొన్నది. రీడింగు లక్షా పదివేలు. మొదటి సంవత్సరము ఆ ఇల్లాలు నోటుబుక్కులో వ్రాసిన లెక్క ఇది: నాలుగు టైర్లకు 18,000 రూపాయలు, బ్యాటరీకి 5,500, ముందు సస్పెన్షన్ పనికి (లోయర్ ఆర్మ్‌లు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు) 13,000, క్లచ్ సెట్టుకు కూలితో కలిపి 11,000, ఏ.సి. కండెన్సర్‌కు, గ్యాసుకు 9,000, రెండు ఇంజెక్టర్లు బాగుచేయించడానికి 10,000. మొత్తము 66,500. ఇందులో బీమా లేదు, ఆయిలు మార్పులు లేవు, డీజిలు లేదు. క్లచ్ జూన్ నెలలో పోయింది. పిల్లల ఫీజులు కట్టవలసిన నెల. ఆ తల్లి మెడలోని గొలుసు బ్యాంకులో పెట్టి బండిని షెడ్డు నుండి తెచ్చుకొన్నారు.

ఇందులో వింత ఏమీ లేదని మెకానిక్‌లు అంటారు. టైర్లు, బ్యాటరీ, క్లచ్, బుష్‌లు అరిగిపోయే వస్తువులు. ఎవరో ఒకరు మార్చవలసిందే. అమ్మేవారు సాధారణంగా ఆ ఖర్చు రాబోయే ముందే అమ్ముతారు. కాబట్టి చేతిలో మూడు లక్షలుంటే రెండు లక్షల ముప్పై వేల బండినే చూడండి. మిగిలిన డెబ్బై వేలు మొదటి ఏడాదికి అని వేరుగా ఉంచుకోండి. అప్పు చేసి కొనేవారికి ఈ మాట మరీ ముఖ్యము.

అరిగేవాటి కంటె భయపడవలసినవి వేరే ఉన్నాయి. డిజైర్ డీజిల్ ఇంజను ఫియట్ వారి 1.3 లీటర్ల మల్టీజెట్. దీనికి టైమింగ్ బెల్టు కాదు, చైను ఉంటుంది. చైను కదా అని నిర్లక్ష్యము పనికిరాదు. ఆయిలు వేళకు మార్చకపోతే చైను సాగుతుంది, దానిని బిగించే భాగము అరుగుతుంది. చైను ఒక పన్ను జారితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. అప్పుడు ఇంజను విప్పక తప్పదు. ఆ బిల్లు బండి ధరలో మూడవ వంతుకు కూడా పోవచ్చు. టర్బో కూడా ఆయిలు మీదనే బ్రతుకుతుంది. అలాగే రేడియేటర్‌లో కూలెంటుకు బదులు కుళాయి నీళ్లు పోసే అలవాటు మనవారికి ఉన్నది. లోపల తుప్పు, పాచి పేరుకొని, మే నెల ఎండలో ఇంజను వేడెక్కి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. మూత తీసి చూస్తే నీరు ఎర్రగా తుప్పురంగులో ఉన్న బండిని వదిలివేయడమే మేలు. (మూత ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయాలి సుమా!) ఆదివారము గుడికి, నెలకొకసారి పక్క ఊరికి మాత్రమే తిరిగేవారికి డీజిల్ బండి దండుగ అని మా అభిప్రాయము. పెట్రోలుకు ఖర్చు కొంచెము ఎక్కువైనా, ఇంజెక్టర్లు, టర్బో బాధ తప్పుతుంది.

చూడడానికి ఉదయమే వెళ్లండి. ముందే స్టార్టు చేసి ఉంచవద్దని చెప్పండి. చల్లని ఇంజను మొదటి నిమిషములో చేసే శబ్దము, వదిలే పొగ చాలా చెబుతాయి. మీ మెకానిక్‌కు ఒక పూట కూలి ఇచ్చి వెంట తీసుకొని వెళ్లండి. టైరు ప్రక్కన నాలుగు అంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారము తయారైనదని అర్థము. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. అడుగున బురద చార ఉంటే అది వరదలో మునిగిన బండి. 2020లో హైదరాబాదులోను, 2024లో విజయవాడలోను ఎన్నో కార్లు నీట మునిగాయి. అవన్నీ తుక్కుకు పోయాయని అనుకోకండి.

రీడింగు వెనక్కు త్రిప్పడము కొందరికి వ్యాపారపు తెలివి. ధర్మశాస్త్రము దొంగ తూకపు రాళ్లను సంచిలో ఉంచుకోవద్దన్నది. మీటరు కూడా తూకపు రాయే. పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉండి, మీటరు నలభై వేలు చూపిస్తే సర్వీసు రికార్డు అడగండి. ఇక కొనేవారి సంగతి. మంచి బండిని తీసిపారేసి బేరమాడి, ఇంటికి పోయి గొప్పలు చెప్పుకొనేవానిని సామెతల గ్రంథము 20వ అధ్యాయము ఏనాడో పట్టుకొన్నది. మాకు తెలిసిన ఒక సహోదరుడు తన పాత కారు అమ్మేటప్పుడు క్లచ్ జారుతున్నదని, ఏ.సి. గ్యాసు ఆరు వారాలకొకసారి తగ్గుతున్నదని కాగితము మీద వ్రాసి ఇచ్చాడు. ఇరవై వేలు తక్కువ వచ్చింది. కొన్న కుటుంబము ఆ రెండు పనులూ మొదటి వారములోనే చేయించుకొన్నది.

కాగితాల ఖర్చు కూడా చూడండి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తరువాత తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. 2008, 2009 నమూనాలకు ఆ గడువు 2023, 2024లలోనే తీరిపోయింది. ఈ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుండి 5,000 రూపాయలైంది. ఢిల్లీ నుండి చవకగా వచ్చే డీజిల్ బండ్లకు అక్కడి ఎన్.ఓ.సి. కావాలి, ఇక్కడ లైఫ్ టాక్సు మళ్లీ కట్టాలి. అది కలిపితే చవక చాలా వరకు కరిగిపోతుంది.

"మనవాడే కదా" అని పేరు మార్పించకుండా తాళాలు ఇచ్చేవారు సంఘాలలో ఎక్కువ. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదములో పరిహారము బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఫారము 29, 30 మీద ఇద్దరి సంతకాలు పడాలి. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు క్లియరెన్సు, ఫారము 35 కావాలి. బీమాను 14 రోజులలోగా కొన్నవారి పేరుకు మార్చుకోవాలి. కొత్త ఆర్.సి. వచ్చేవరకు, బండి అప్పగించిన తేదీ, గంట వ్రాసి సంతకాలు చేసిన కాగితము ఇద్దరి ఇళ్లలోను ఉండాలి.