కంపెనీ డాక్యుమెంటేషన్‌కు డబ్బులు కట్టాలా? రీడ్ ద డాక్స్ పెయిడ్ సర్వీస్‌లో అసలు ఏముంది

పైథాన్ నేర్చుకునేవాళ్లలో చాలామందికి రీడ్ ద డాక్స్ పేరు తెలియకపోయినా ఆ సైట్ మాత్రం తెలుసు. ఏదైనా లైబ్రరీ ఎలా వాడాలో గూగుల్ చేస్తే తిరిగి తిరిగి అక్కడికే వెళ్తాం. చదివేసి ట్యాబ్ మూసేస్తాం, పైసా కట్టం. ఆ ఖర్చులో కొంత సైట్‌లో కనిపించే యాడ్స్ నుంచి వస్తే, ఇంకొంత కంపెనీలు కట్టే సబ్‌స్క్రిప్షన్ నుంచి వస్తుంది. ఆ సబ్‌స్క్రిప్షన్‌తో కంపెనీలు ఏం కొంటున్నాయో చూద్దాం.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. పైథాన్ డాక్యుమెంటేషన్ కోసం గెయోర్గ్ బ్రాండ్ల్ తయారుచేసిన స్ఫింక్స్ అనే టూల్ 2008లో బయటికొచ్చింది. మామూలు టెక్స్ట్ ఫైల్ ఇస్తే నీటైన హెచ్‌టీఎంఎల్ పేజీలు చేసిస్తుంది. చిక్కల్లా ఏంటంటే, కోడ్ మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని మళ్లీ బిల్డ్ చేసి సర్వర్‌లో పెట్టాలి. ఆ ఎవరో ఒకరు సాధారణంగా మర్చిపోతారు. 2010లో జాంగో డాష్ అనే 48 గంటల పోటీలో ఎరిక్ హోల్షర్, చార్లెస్ లైఫర్, బాబీ గ్రేస్ కలిసి ఈ పనిని ఆటోమేటిక్ చేసేశారు. మీరు గిట్‌లో పుష్ కొడితే వెబ్‌హుక్ వెళ్తుంది, వాళ్ల సర్వర్ కోడ్ లాగేసుకుని పేజీలు బిల్డ్ చేసి పెట్టేస్తుంది. అదే రీడ్ ద డాక్స్. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు డాట్ ఆర్గ్ సైట్‌లో ఇప్పటికీ ఫ్రీ. డాట్ కామ్ సైట్ మాత్రం కంపెనీల కోసం: ప్రైవేట్ రెపో, ప్రైవేట్ పేజీలు, యాడ్స్ ఉండవు, నెలనెలా బిల్లు.

"అదేంటి, గిట్‌హబ్ పేజెస్ ఉందిగా, దానికి డబ్బులెందుకు?" అని మీరు అడగొచ్చు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రెపో ప్రైవేట్ అయితే దాని సైట్ కూడా ప్రైవేటే అనుకుంటారు. కాదు. గిట్‌హబ్ ప్రో, టీమ్ ప్లాన్లలో ప్రైవేట్ రెపో నుంచి సైట్ పెట్టొచ్చు కానీ ఆ సైట్ మాత్రం లోకమంతటికీ కనిపిస్తుంది. చూసేవాళ్లను కట్టడి చేసే సదుపాయం ఎంటర్‌ప్రైజ్ క్లౌడ్‌లోనే ఉంది. ఇక "లింక్ ఎవరికీ చెప్పంలే" అనేది సెక్యూరిటీ కాదు. లింక్ చాట్‌లో ఫార్వర్డ్ అయ్యేదాకే ఆ రహస్యం.

నా లెక్కలో కంపెనీలు కొనేది స్టోరేజీ కాదు, తలుపు దగ్గర కాపలా. నేను పొన్నూరులో ఇంటి నుంచి పనిచేస్తా, టీమ్ అంతా హైదరాబాద్‌లో. పక్క సీట్లో వాడిని అడిగే వీలు లేదు కాబట్టి డాక్స్ తెరుచుకోకపోతే నా పని ఆగిపోతుంది. మరి ఉద్యోగం మానేసిన మనిషికి అదే పేజీ తెరుచుకుంటే? ఇంటర్నల్ ఏపీఐ వివరాలు, సర్వర్ల సెటప్ అంతా అతని దగ్గరే ఉన్నట్టు. నాకు తెలిసిన ఒక చిన్న కంపెనీలో సరిగ్గా ఇదే జరిగింది. మానేసిన నెలల తర్వాత కూడా పాత లింక్ శుభ్రంగా ఓపెన్ అవుతోంది!

రీడ్ ద డాక్స్ పెయిడ్ సర్వీస్‌లో నాకు బాగా నచ్చింది దీనికి వాళ్లిచ్చిన జవాబు. గిట్‌హబ్‌తో సింగిల్ సైన్ ఆన్ పెట్టుకుంటే, రెపో చూసే హక్కు ఉన్నవాళ్లకే డాక్స్ కనిపిస్తాయి. రెపో నుంచి పేరు తీసేస్తే డాక్స్ కూడా మూసుకుంటాయి. వేరేగా ఇంకో లిస్ట్ మెయింటైన్ చేసే గొడవ లేదు. బయటి క్లయింట్‌కు చూపించాలంటే పాస్‌వర్డ్ పెట్టి షేర్ చేసుకోవచ్చు.

సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు కదా అంటే, పెట్టుకోవచ్చు. వాళ్ల కోడ్ ఎంఐటీ లైసెన్స్‌తో ఓపెన్‌గానే ఉంది. కానీ సొంతంగా పెట్టుకునేవాళ్లకు వాళ్లు సపోర్ట్ ఇవ్వరు. మా వైపు మిర్చి టిక్కీలు ఇంట్లో పెట్టుకునే చోటున్నా రైతులు అద్దె కట్టి కోల్డ్ స్టోరేజీలో ఎందుకు వేస్తారు? చల్లదనం, కరెంటు, కాపలా అన్నీ వాళ్లే చూసుకుంటారని. ఇదీ అంతే. బిల్డ్ సర్వర్, అప్‌డేట్లు, లాగిన్ అన్నీ చూసుకోవడానికి మీ టీమ్‌లో ఒక మనిషి ఉంటేనే ఆ దారి.

ముగ్గురు నలుగురున్న టీమ్‌కు ఇది అనవసరం అంటాను. బిల్లు డాలర్లలో వస్తుంది, రూపాయల్లోకి మార్చి చూస్తే చిన్న స్టార్టప్‌కు బరువే. ప్రైవేట్ రెపోలోనే మార్క్‌డౌన్ ఫైళ్లు పెట్టుకుని గిట్‌హబ్‌లోనే చదువుకోండి, ఖర్చు సున్నా, కాపలా కూడా అదే. టీమ్ పెరిగి, రెండు మూడు వెర్షన్ల డాక్స్ ఒకేసారి నడపాల్సి వచ్చి, కోడ్ జోలికి రాని సపోర్ట్ వాళ్లు కూడా చదవాల్సి వచ్చినప్పుడు అప్పుడు పెయిడ్ ప్లాన్ చూడండి.

స్టూడెంట్స్ అయితే డాట్ ఆర్గ్‌లో ఫ్రీగా ఇదంతా ట్రై చేయొచ్చు. ప్రాజెక్ట్ పబ్లిక్ రెపోలో ఉండాలి, అందులో డాట్‌తో మొదలయ్యే రీడ్‌దడాక్స్ యామల్ ఫైల్ ఒకటి పెట్టాలి. స్ఫింక్స్ కష్టం అనిపిస్తే ఎంకేడాక్స్ కూడా నడుస్తుంది.