తెర మీది సంసారం: తరువాతి భాగంలో ఏముంటుంది?

కంప్యూటర్‌లో ఒక ఇల్లు కట్టి, అందులో ఒక కుటుంబాన్ని నిలిపి, వారి తిండి, నిద్ర, చదువు, ఉద్యోగం అన్నీ నడిపించే ఆట ‘ది సిమ్స్’. ఈ ఆట ఆడే పిల్లలు దాని తరువాతి భాగంలో ఏ కొత్త సదుపాయాలు వస్తాయోనని ఎంతో ఆత్రంగా ఎదురుచూస్తుంటారు. ఆ నిరీక్షణను కొట్టిపారేసే ముందు, వారు దేనికోసం ఎదురుచూస్తున్నారో తల్లిదండ్రులు తెలుసుకోవడం మేలు.

ఈ ఆట రూపకర్త విల్ రైట్. 1991లో అమెరికాలోని ఓక్లాండ్ అగ్నిప్రమాదంలో ఆయన ఇల్లు కాలిపోయింది. మళ్ళీ ఇంటిని సమకూర్చుకునే క్రమంలో కలిగిన ఆలోచనే 2000లో ఆటగా వెలువడింది. 2004 నాటి రెండవ భాగంలో మనుషులకు వయసు మీరడం, బిడ్డలకు తల్లిదండ్రుల పోలికలు రావడం మొదలయ్యాయి. 2009 నాటి మూడవ భాగం ఇల్లు దాటి ఊరంతా తిరగనిచ్చింది. 2014లో వచ్చిన నాల్గవ భాగం భావోద్వేగాలను తెచ్చింది. కాని అందులో తప్పటడుగులు వేసే పసివారు లేరు! ఆటగాళ్ళు ఆ లోటును గట్టిగా ఎత్తిచూపారు. పసివారు 2017 జనవరిలో, చంటిబిడ్డలు 2023 మార్చిలో ఉచితంగా చేరారు.

అన్నీ ఉచితం కావు. నాల్గవ భాగం మూల ఆట 2022 అక్టోబరు నుండి ఉచితమే అయినా, అదనపు ప్యాక్‌లకు డబ్బు చెల్లించాలి. ఋతువులు, పెంపుడు జంతువులు రెండవ భాగానికి ప్యాక్‌లుగా అమ్ముడయ్యాయి. మూడవ భాగానికి మళ్ళీ, నాల్గవ భాగానికి మళ్ళీ. అంటే ‘కొత్తది’ అనిపించేది మూడవసారి కొన్న పాతదే కావచ్చు. అమ్మీ, అబ్బా ఫోనులోని చెల్లింపు రహస్య సంఖ్యను పిల్లలకు అప్పగించే ముందు ఈ లెక్క వారికి వివరించాలి.

‘ఐదవ భాగం’ గురించిన వదంతులనూ నమ్మనక్కరలేదు. 2022లో ప్రకటించిన ‘ప్రాజెక్ట్ రెనే’ ఐదవ భాగం కాదనీ, నాల్గవ దానిని తొలగించి మరొకటి తేవడం తమ ఉద్దేశం కాదనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 2024లో స్పష్టం చేసింది. ఇంతలో కొరియాకు చెందిన క్రాఫ్టన్ సంస్థ ఇదే కోవకు చెందిన ‘ఇన్‌జోయ్’ని 2025 మార్చి 28న ముందస్తు రూపంలో విడుదల చేసింది.

ఒక్క విషయం గమనించండి. సిమ్స్‌లో ఒక రోజు, మామూలు వేగంలో, మనకు 24 నిమిషాలే. మన వేల్పూర్, ఆర్మూర్ చేలలో జూన్‌లో నాటిన పసుపు తవ్వకానికి రావాలంటే ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. ఆపైన ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చాలి. ఆటలో వేగం పెంచే మీట ఉంది. పంటకు లేదు, పిల్లల ఎదుగుదలకూ లేదు.

కనుక ఈ సెలవు రోజున మీ అబ్బాయినో, అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని, “తరువాతి ఆటలో నీకు ఏమి కావాలి?” అని అడగండి. ఆ జాబితాలో ముసలివారు, ఇరుగుపొరుగు, పసిపిల్లలు ఉంటే ఆశ్చర్యపోకండి. వాటిలో కొన్నింటికి ప్యాక్ కొననక్కరలేదు; దాదీ గదిలోకి పంపితే చాలు.