కుక్కపిల్లకూ కాగితాలు కావాలి

ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో నా పని ఇతరుల కాగితాలు చూడటమే. సంతకం లేదనీ, తేదీ తప్పనీ, ముద్ర పడలేదనీ రోజుకు పది దరఖాస్తులైనా వెనక్కు పంపుతూంటాను. అటువంటి నేను ఒక్క కాగితమైనా సరిగా చూడకుండా కుక్కపిల్లను కొని తెచ్చి, తొమ్మిదో నాడు దాన్ని పెరట్లో పూడ్చిపెట్టిన సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. మరొక ఇంట్లో పిల్లలు అలా ఏడవకూడదని వ్రాస్తున్నాను.

మా చిన్నమ్మాయి పోరు పడలేక ఒకాయన దగ్గర లాబ్రడార్ పిల్లను కొన్నాను. “అసలైన జాతి సార్, పేపర్లు తరువాత పంపిస్తాను” అన్నాడు. ఒక టీకా కార్డు చేతిలో పెట్టాడు. నాలుగో నాడు పిల్ల తిండి మానేసింది. వాంతులు, నెత్తురు విరేచనాలు పట్టుకున్నవి. పశువైద్యులు కార్డు తిప్పి చూసి, “టీకా సీసా మీది చీటీ అంటించలేదేమండీ? డాక్టరు ముద్ర ఏదీ?” అని అడిగారు. పుట్టిన తేదీతో లెక్క చూస్తే, టీకా వేసినట్లు వ్రాసిన నాటికి దానికి మూడు వారాలే. ఆ టీకాలు ఆరు వారాలు నిండితేగాని మొదలుపెట్టరట! జబ్బు పేరు పార్వో. డబ్బు తిరిగి అడుగుదామంటే రసీదు లేదు. “ఆఫీసులో అయితే ఈ కార్డును ఒప్పుకునేవారా?” అని మా ఆవిడ ఒక్క మాట అన్నది. దానికి నేటికీ నా దగ్గర జవాబు లేదు.

తరువాత నేను తెలుసుకున్నవి ఇవి.

మొదటిది, అమ్మేవాని రిజిస్ట్రేషన్. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్ర ప్రభుత్వం 2017లో నియమాలు చేసింది. వాటి ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. టీకా వేసి, మైక్రోచిప్ పెట్టిన తరువాతనే అమ్మాలి.

రెండవది, రసీదు. ఇరువురి పేర్లు, చిరునామాలు, జాతి, ఆడదో మగదో, రంగు, పుట్టిన తేదీ, చిప్ నంబరు, ధర, ఇచ్చిన తేదీ అన్నీ అందులో ఉండాలి. ఇన్ని రోజులలో మన డాక్టరు పరీక్షలో లోపం కనబడితే ఏమి చేస్తారో కూడా వ్రాయించుకోవాలి. నోటిమాట గాలికి పోతుంది.

మూడవది, టీకా కార్డు. ప్రతి టీకాకూ చీటీ, తేదీ, డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. నులిపురుగుల మందు తేదీలూ ఉండాలి. పిచ్చికుక్క జబ్బు టీకా సాధారణంగా మూడు నెలలకు వేస్తారు. కావున రెండు నెలల పిల్ల కార్డులో అది లేదని బెంగ వద్దు. వేయించే బాధ్యత ఇక మనదే.

నాలుగవది, వంశావళి. మన దేశంలో దీన్ని చూసే పెద్ద సంస్థ కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. కార్యాలయం చెన్నపట్నంలోనే ఉన్నది. మూడు తరాల వంశావళి అంటే తల్లిదండ్రులు ఇద్దరు, తాతలు అవ్వలు నలుగురు, వారి తల్లిదండ్రులు ఎనిమిది మంది, వెరసి పద్నాలుగు పేర్లు. కాగితం అమ్మినవాని పేరనే ఉండిపోతే చాలదు. ఆయన సంతకంతో మన పేరుకు మార్పించుకోవాలి. అయితే ఒక సంగతి మరువరాదు. వంశావళి పుట్టుకను చెబుతుందే గాని ఆరోగ్యాన్ని చెప్పదు.

మైక్రోచిప్ బియ్యపు గింజంత ఉంటుంది. భుజాల నడుమ చర్మం క్రింద పెడతారు. కుక్క ఎక్కడ తిరుగుతున్నదో అది చెబుతుందని కొందరి భ్రమ. అది చెప్పేది పదిహేను అంకెల నంబరు మాత్రమే. డాక్టరు దగ్గర యంత్రంతో చదివించి, కాగితంలోని నంబరుతో సరిచూచుకోవాలి.

చివరిది, నగరపాలక సంస్థ లైసెన్సు. చెన్నై, బెంగుళూరు వంటి నగరాలలో ఇది తప్పనిసరి.

ఏడాది గడిచాక మా అమ్మాయి మళ్ళీ నోరు తెరిచి అడిగింది. ఈసారి రాజపాళయం వెళ్ళాను. కొన్ని శతాబ్దాల క్రిందట ఆంధ్రదేశం నుండి వచ్చి స్థిరపడిన రాజులు అక్కడ నేటికీ ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. పాలవంటి తెలుపు, గులాబిరంగు ముక్కు గల ఆ ఊరి కుక్క 2005లో తపాలాబిళ్ళకెక్కింది. ఈ జాతిలో కొన్ని పిల్లలు చెవిటివిగా పుడతవి. తెల్లరంగుకూ దానికీ సంబంధమున్నదంటారు.

పెంపకందారు పెద్దాయన తల్లిని చూపించి, కాగితాలు ముందు పరిచి, “చదువుకో బాబూ, తొందర లేదు” అన్నారు. నేను చదువుతూండగా మా అమ్మాయి పిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. అది గిరుక్కున తిరిగి చూసింది.

ఇప్పుడు దాని ఫైలు మా రేషను కార్డు ప్రక్కనే ఉన్నది. అది మాత్రం నా చెప్పుల మీద పడుకొని ఉన్నది.