మెడ విరుపు - నొప్పి యుపశమనము

క్షవరము ముగిసిన పిమ్మట క్షురకుడు తలకు మర్దనము చేసి, ఒక చేత గడ్డమును, రెండవ చేత తల వెనుకభాగమును పట్టుకొని, మెడను తటాలున నొక ప్రక్కకు త్రిప్పుట తెలుగు ఊళ్లలోను, తెలుగువారు స్థిరపడిన ఇతర పట్టణములలోను చిరకాలముగా నున్న అలవాటు. లోపల పటుక్కుమని చప్పుడగును. కూర్చున్నవాడు కన్నులు మూసికొని, పట్టు విడిచినదని హాయిగా నిట్టూర్చును. ఆ హాయి కేవలము భ్రమయని కొందఱు విద్యావంతులు కొట్టివేయుదురు. తొలగిన ఎముక మరల తన చోటికి వచ్చినదని మఱికొందఱు నమ్ముదురు. ఈ రెండు మాటలును సరియైనవి కావు. హాయి నిజమే, దానికి చెప్పెడి కారణమే తప్పు.

మెడలో 7 వెన్నుపూసలు కలవు. అవి వెనుకవైపున ఇరుప్రక్కల చిన్న కీళ్లతో ఒకదానితో నొకటి కూడియున్నవి. ప్రతి కీలును సంచివంటి పొర యొకటి కప్పియుండును. దానిలోపల గ్రుడ్డు తెల్లసొనవలె జిగటయైన ద్రవముండును. కీలుతలములు తటాలున ఎడమైనప్పుడు ఈ ద్రవములో ఒత్తిడి పడిపోయి వాయువు నిండిన ఖాళీ యొకటి ఏర్పడును. చప్పుడు అప్పటిదే. ఆ బుడగ పగులుటచే చప్పుడగునని 1971లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు వేలికణుపులను పరీక్షించి చెప్పిరి. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు ఎం.ఆర్.ఐ. యంత్రముతో చూచి, బుడగ పగులునప్పుడు కాదు, పుట్టునప్పుడే చప్పుడగునని తెలిపిరి. ఒకసారి విరిచిన కణుపు దాదాపు 20 నిమిషములవరకు మరల పలుకదు. ఇది పిల్లలు సయితము ఎఱిగిన సంగతియే. ఇందులో ఎముక చోటు మారుట యెక్కడను లేదు.

"తొలగిన ఎముక" అను మాటకు పాశ్చాత్యదేశములలో పెద్ద చరిత్రయే కలదు. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున డావెన్‌పోర్టు పట్టణములో డేనియల్ డేవిడ్ పామర్ అనునాతడు హార్వే లిల్లార్డు అను చెవిటివాని వెన్నుపూసను సవరించి వినికిడి తెప్పించితినని ప్రకటించెను. అప్పటినుండి కైరోప్రాక్టిక్ అను వృత్తి వ్యాపించినది. వెన్నెముకనుండి చెవికి వినికిడినాడి పోవుట లేదు గనుక ఆ కథను వైద్యులు విశ్వసింపరు. అయినను, అప్పటి సిద్ధాంతము తప్పైనంత మాత్రమున చేతిపని నిష్ఫలమని తీర్మానించుట న్యాయము కాదు. దానిని కొలిచి చూడవలెను.

కొలుచుటకు ఒక చిన్న పరికరము కలదు. దాదాపు ఒక చదరపు సెంటీమీటరు కొనగల రబ్బరు ముక్కతో చర్మమును క్రమక్రమముగా నొక్కుచు పోవుదురు. నొక్కుడు నొప్పిగా మారిన తక్షణమే రోగి చెప్పవలెను. అప్పటి బలమే అతని నొప్పి గడప. గడప ఎత్తుగా నున్నచో నొప్పిని గ్రహించుట తగ్గినదని అర్థము.

ఈ పరికరముతో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయమున విసెంజినో మొదలగువారు జరిపిన పరీక్ష 1996లో ప్రకటితమైనది. రోగులు 15 మంది. వారి బాధ మోచేతి వెలుపలి ప్రక్కన. చికిత్స చేసినది మెడకు. 5, 6 పూసల నడుమ కీలును మెల్లగా ప్రక్కకు జరిపిరి. ఉత్తుత్తిగా చేయి వేసినప్పటికంటెను, ఊరక యుంచినప్పటికంటెను మోచేతి గడప పెరిగినది. నొప్పి లేకుండ పిడికిలి బిగించు బలమును పెరిగినది. విశేషమేమనగా, ఇట్టి పరీక్షలలో నొక్కుడునొప్పి తగ్గినదే కాని వేడిచే కలుగు నొప్పి గడప మాఱలేదు. 2007లో ఆరోగ్యవంతులపై జరిగిన మఱియొక పరీక్షలో మెడను ఒక్కమారు విరువగా రెండు మోచేతుల గడపలును పెరిగినవి.

మెడను ముట్టగా మోచేయి తేఱుకొనుటకు ఎముకలు కారణము కాజాలవు. నొప్పి గాయమునుండి మెదడునకు తిన్నగా ప్రాకు తీగవార్త కాదనియు, వెన్నుపాములో దానికి తలుపువంటి ఏర్పాటు కలదనియు మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించిరి. మెదడు నడిమిభాగమునుండి వెన్నుపామునకు దిగివచ్చు నాడులు ఆ తలుపును మూయగలవు. కీలు కదిలినప్పుడు బయలుదేరు స్పర్శవార్తలు ఈ దిగువత్రోవను మేల్కొల్పునని నేటి పరిశోధకుల ఊహ. మెడకు చికిత్స జరుగునప్పుడే చేతి చర్మము చల్లబడుట, చెమట హెచ్చుట వారికి ఆధారములు. ఇవి నాడీమండలము మేల్కొనిన గుర్తులు.

అయినను ఇందు మురిసిపోవలసినది లేదు. పరీక్షలలో పాల్గొన్నవారు కొలదిమంది. చాలవరకు కొలిచినది చికిత్స జరిగిన వెంటనే. రోగి నమ్మకము, చేతిస్పర్శ కూడ కొంత పనిచేయును. షోలాపురములో మగ్గము ముందు వంగు పద్మశాలికిగాని, బెంగుళూరులో కంప్యూటరు ముందు వంగు యువకునికిగాని, వంగు తీరు మాఱనిచో మఱునాటికి మెడ మరల పట్టివేయును.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి వేఱొకటి కలదు. పైని మోచేతి రోగుల మెడను ఎవ్వరును తటాలున త్రిప్పలేదు, మెల్లగా జరిపిరి. కొక్రేన్ సంస్థవారు 2015లో 51 పరీక్షలను కలిపి పరిశీలించి, మెడనొప్పి విషయమున విరుపును, మెల్లని కదలికయు ఇంచుమించు సమాన ఫలములనే ఇచ్చుచున్నవని తేల్చిరి. అట్లయినచో విరుపువలని అపాయమును కోరి తెచ్చుకొనుట యెందులకు?

అపాయము రక్తనాళములలో నున్నది. మెదడు వెనుకభాగమునకు రక్తము తీసికొనిపోవు రెండు ధమనులు పై 6 పూసల ప్రక్కనున్న రంధ్రములగుండ ప్రాకి, తల అడుగున ఒంపు తిరిగి లోనికి పోవును. మెడ తటాలున తిరిగినప్పుడు ఆ ఒంపు సాగును. ధమని లోపొర చిరిగినచో అక్కడ రక్తము గడ్డకట్టి మెదడునకు చేరి పక్షవాతము కలిగించును. మెడ ముందువైపు ధమనులకును ఈ భయము కలదు. 2024లో బళ్లారిలో క్షవరశాలయందు మెడ త్రిప్పించుకొనిన 30 ఏండ్ల యువకునికి ఇంటికి పోయిన పిదప మాట తొట్రుపడి, ఒక ప్రక్క బలము తగ్గినదనియు, మెడధమని చిరిగినట్లు వైద్యులు కనుగొనిరనియు పత్రికలు ప్రకటించినవి. 2022లో హైదరాబాదులో తల కడిగించుకొనుటకై తొట్టి అంచున మెడ వెనుకకు వాల్చిన స్త్రీకిని పక్షవాతము కలిగినట్లు వార్త వచ్చినది.

ఇట్టివి అరుదు. అందును ప్రతిదానికి విరుపే కారణమని చెప్పుట కష్టము. కెనడాలోని ఒంటారియోలో జరిగి 2008లో ప్రకటితమైన పరిశీలనలో, ఇట్టి పక్షవాతమునకు ముందు కైరోప్రాక్టరును చూచినవారివలెనే సామాన్య వైద్యుని చూచినవారును కనబడిరి. ముందే ధమని చిరిగి, ఆ మెడనొప్పితోనే వారు చికిత్సకు పోయిరని పరిశోధకులు భావించిరి. ఇది విరుపును నిర్దోషిగ విడుచునని కొందఱందురు కాని, ఆ వాదము నిలువదు; చిరిగిన ధమనిగల మెడను విరుచుట మఱింత కీడు గదా.

కావున మునుపెన్నడు నెఱుగని తీవ్రమైన మెడనొప్పి హఠాత్తుగా కలిగినవారు మెడపై ఎవరి చేతిని వేయనీయరాదు. విరుపు తరువాత తల తిరుగుట, వస్తువులు రెండుగా కనబడుట, మాట తొట్రుపడుట, మ్రింగుట కష్టమగుట, ముఖము మొద్దుబారుట, నడక తూలుట - వీనిలో ఏ యొకటి కనబడినను, అది గడియలలోనైనను దినములలోనైనను, వెంటనే ఆసుపత్రికి పోవలెను. మెడ త్రిప్పించుకొనిన సంగతిని వైద్యుడు అడుగకముందే చెప్పవలెను.