సుర్కీ మనవడు

గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ 84 గ్రామాల్లో భారీ కట్టడాలు లేవకుండా 1996లో వచ్చిన 111 జీవో కట్టడి చేసింది. మొయినాబాద్, చేవెళ్ల వైపు పల్లెలెన్నో దాని కిందికి వచ్చాయి. ఆ ఆంక్షలను సడలిస్తూ 2022లో 69 జీవో వచ్చింది. ఇక అక్కడ లేచే పిల్లర్లూ స్లాబులూ ఏ సిమెంటుతో లేస్తాయన్నదే నా బెంగ.

సిమెంటు బస్తాలో ముఖ్యమైన సరుకు క్లింకర్. సున్నపురాయిని, మట్టిని కలిపి 1450 డిగ్రీల దాకా కాలిస్తే అది వస్తుంది. బొగ్గు పొగ ఒక్కటే సమస్యయితే ఇంధనం మార్చుకుని బయటపడేవాళ్లం. చిక్కు రాయిలోనే ఉంది. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి కాలితే 44 కిలోలు కార్బన్ డయాక్సైడై గాలిలో కలుస్తుంది. ప్రపంచమంతా వదిలే ఆ వాయువులో 7-8 శాతం సిమెంటు వాటా. అందుకే క్లింకర్ వాడకాన్ని తగ్గించాలి.

క్లింకర్ ఎరుగని కాలంలోనూ మనవాళ్లు కట్టారు. 1591 నాటి చార్మినార్ రాయీ సున్నంతో లేచిందే. అయితే మామూలు సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది, నీళ్లలో నిలవదు. నీళ్లు తగిలే చోట అందులో ఇటుక పొడి, అంటే సుర్కీ కలిపి నూరేవారు. కాలిన మట్టిలోని సిలికా, అల్యూమినా సున్నాన్ని పట్టుకుని తడిలోనే బిగుసుకుంటాయి. అనంతపురం, కర్నూలు పొలాలకు నీళ్లిచ్చే తుంగభద్ర ఆనకట్టను అటు హైదరాబాద్ సంస్థానం, ఇటు మద్రాసు ప్రభుత్వం కలిసి మొదలుపెట్టి సుర్కీ, సున్నంతోనే రాతి కట్టుబడి చేయించాయి. 1953లో పూర్తయిన ఆ గోడ ఏడు దశాబ్దాలుగా నీటిని మోస్తూనే ఉంది.

సుర్కీకి ఓపిక కావాలి. మెల్లగా బిగుస్తుంది, పైగా ఒక బట్టీ ఇటుక ఇంకో బట్టీ ఇటుకలా ఉండదు. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందిన పోర్ట్‌లాండ్ సిమెంటు, తర్వాతి కాలంలో మెరుగుపడి, ఈ రెండు చిక్కుల్నీ తీర్చింది. సుర్కీ వెనకబడింది.

దాన్ని కొత్త రూపంలో తిరిగి తెచ్చినవాళ్లు స్విట్జర్లాండులో కేరెన్ స్క్రివెనర్, క్యూబాలో ఫెర్నాండో మార్టిరేనా, మన ఢిల్లీ, మద్రాసు ఐఐటీల పరిశోధకులు. వాళ్ల సిమెంటు పేరు ఎల్‌సీ3. ఇందులో క్లింకర్ సగమే. 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి పొడి, మిగతాది జిప్సం. మట్టిని 700-850 డిగ్రీల్లో కాలిస్తే దానిలోంచి పోయేది నీటి ఆవిరే. అసలు తెలివి పచ్చి సున్నపురాయిలో ఉంది: మట్టిలోని అల్యూమినాతో అది కలిసి కొత్త స్ఫటికాలు కట్టి, కాంక్రీటులోని సన్నటి రంధ్రాలను పూడుస్తుంది. కార్బన్ ఉద్గారాలు 30-40 శాతం తగ్గుతాయి. 2023లో దీనికి ఐఎస్ 18189 పేరుతో భారతీయ ప్రమాణం వచ్చింది. మట్టిలో కెయోలిన్ అనే ఖనిజం 40 శాతం ఉంటే చాలు, పింగాణీకి వాడేంత తెల్లటి మట్టి అక్కర్లేదు. చేవెళ్ల నల్లరేగడి మాత్రం ఇందుకు అంతగా పనికిరాదు, దానిలోని బంకమట్టి జాతి వేరు.

ఎల్‌సీ3 బస్తా దొరికేదాకా ఆగనక్కర్లేదు. థర్మల్ కేంద్రాల బూడిద కలిపిన పీపీసీ, ఉక్కు కర్మాగారాల స్లాగ్ కలిపిన సిమెంటు ఇప్పటికే దుకాణాల్లో ఉన్నాయి. ఇవీ క్లింకర్‌ను తగ్గించేవే. వీటన్నిటికీ సుర్కీ నెమ్మదితనం కొంత వచ్చింది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు నీళ్లు పట్టమనే ఐఎస్ 456 నియమావళి, వీటికి కనీసం 10 రోజులు పట్టమంటుంది, 14 దాకా పొడిగిస్తే మేలంటుంది. అందుకే సెంట్రింగ్ విప్పే తేదీ గురించి మేస్త్రీతో స్లాబు వేయకముందే మాట్లాడుకోవాలి.