స్పానిష్ క్రియారూపాలు - అభ్యాస రీతి

స్పెయిన్, మెక్సికో, పెరూ, అర్జెంటీనా మొదలైన సుమారు 20 దేశాలలో స్పానిష్ అధికార భాష. 1492లో, అనగా కొలంబస్ అట్లాంటిక్ సముద్రాన్ని దాటిన సంవత్సరంలోనే, ఆంతోనియో దె నెబ్రిహా ఈ భాషకు వ్యాకరణాన్ని రచించి ప్రకటించాడు. స్పానిష్‌లో వ్రాతకూ పలుకుబడికీ భేదం స్వల్పం. అందుచేత చదవడం త్వరగానే పట్టుబడుతుంది. అసలు శ్రమ క్రియ దగ్గర మొదలవుతుంది. ఉత్సాహంతో ఆరంభించినవారు అనేకులు అక్కడే విరమిస్తారు.

స్పానిష్ క్రియల మూలరూపాలు ఆర్, ఏర్, ఈర్ అనే మూడు ప్రత్యయాలలో ఒకదానితో ముగుస్తాయి. 'అబ్లార్' అంటే మాట్లాడటం. దానినుండి అబ్లో (మాట్లాడతాను), అబ్లాస్ (మాట్లాడతావు), అబ్లా (మాట్లాడతాడు), అబ్లామోస్ (మాట్లాడతాము), అబ్లాన్ (మాట్లాడతారు) అనే రూపాలు ఏర్పడతాయి. క్రియ చివరనే పురుష, వచనాలు తెలుస్తున్నందున సర్వనామాన్ని చెప్పనవసరం లేదు. ఇది తెలుగు విద్యార్థికి పుట్టుకతో అబ్బిన అలవాటే. అయితే 'అబ్లా' అన్నప్పుడు మాట్లాడేది పురుషుడో స్త్రీయో క్రియను బట్టి తెలియదు.

ఈ పట్టికను వరుసగా వల్లించడం అభ్యాసంలో తొలిమెట్టు మాత్రమే. ఎక్కాన్ని మొదటినుండి అప్పజెప్పితే తప్ప ఏడెనిమిదులెంతో చెప్పలేని బాలుని వలె, వల్లెవేసినవాడు 'మేము' రూపం కావలసినప్పుడు 'నేను' నుండి లెక్కించుకొంటూ రావలసివస్తుంది. సంభాషణలో అంత వ్యవధి ఎక్కడిది? కాబట్టి ఒక వాక్యాన్ని తీసుకొని, కర్తను క్రమం లేకుండా మార్చుతూ క్రియను పూరించాలి. తరువాత 'కొమేర్' (తినడం), 'బిబీర్' (జీవించడం) వంటి ఇతర వర్గాల క్రియలను కలిపి సాధన చేయాలి.

కొన్ని క్రియలు నియమం తప్పినట్లు కనిపిస్తాయి. 'పెన్సార్' అంటే ఆలోచించడం. 'ఆలోచిస్తాను' అనడానికి 'పియెన్సో' అనాలి. 'ఆలోచిస్తాము' అనడానికి మాత్రం 'పెన్సామోస్' అనాలి. దీనికి కారణం ఊనిక. ధాతువుపై ఊనిక పడినప్పుడు 'ఎ' కారం 'ఇయె'గా మారుతుంది. ఊనిక ప్రత్యయంపైకి జరిగితే మారదు. 'పోదేర్' (చేయగలగడం) నుండి 'పువేదో', 'పోదేమోస్' ఏర్పడటమూ ఈ విధంగానే. రూపాలను బిగ్గరగా పలుకుతూ సాధన చేసేవారికి ఈ సూక్ష్మం చెవికే తెలుస్తుంది.

పుస్తకం మూసి జ్ఞాపకం చేసుకోవడం మళ్ళీ మళ్ళీ చదవడం కంటే మేలని ప్రయోగాలు కూడా తెలుపుతున్నాయి. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, ఐదు నిమిషాల తరువాత పునఃపఠనం చేసినవారే ముందున్నారు. వారం గడిచేసరికి, తమను తాము పరీక్షించుకొన్నవారికే ఎక్కువ గుర్తున్నది. పునఃపఠనం కలిగించే 'వచ్చేసింది' అన్న భావన ఎంత అస్థిరమో దీనివల్ల గ్రహించవచ్చు.

ఖాళీలను పూరించే అభ్యాసాలలో విద్యార్థులను ఎక్కువగా తికమకపెట్టేవి 'సేర్', 'ఎస్తార్' అనే రెండు క్రియలు. ఆంగ్లంలో రెండింటికీ ఒకే క్రియ ఉన్నందున ఆంగ్లం ద్వారా ఈ భేదం బోధపడదు. తెలుగే ఇక్కడ దారి చూపుతుంది. 'ఆయన ఉపాధ్యాయుడు' అన్న వాక్యంలో క్రియ లేదు. అటువంటిచోట స్పానిష్‌లో సాధారణంగా 'సేర్' రూపమైన 'ఎస్' వస్తుంది. 'ఆయన ఇంట్లో ఉన్నాడు', 'అలసి ఉన్నాడు' అనేచోట 'ఎస్తార్' రూపమైన 'ఎస్తా' వస్తుంది. అన్ని సందర్భాలకూ ఇది సరిపోకపోయినా, ఆరంభదశలో చాలా తప్పులను తొలగిస్తుంది.

'నాకు పుస్తకాలు నచ్చుతాయి' అన్న వాక్యమూ ఇటువంటిదే. స్పానిష్‌లో 'మే గుస్తాన్ లోస్ లీబ్రోస్' అంటారు. 'మే' అంటే నాకు. క్రియ పుస్తకాలను అనుసరించి బహువచనంలో ఉంటుంది. వస్తువు ఒక్కటే అయితే 'గుస్తా' అవుతుంది. ఈ వాక్యాన్ని ఆంగ్లంనుండి అనువదించేవారు 'నేను' అన్న కర్తకోసం వెదుకుతారు. తెలుగునుండి అనువదించేవారికి ఆ వెదుకులాట అక్కరలేదు.