మంచు కింద ఊపిరి

డిసెంబరు పొద్దున చందాపురలో పిల్లలు స్వెట్టర్ లేనిదే బడికి బయల్దేరరు. మరి గడ్డకట్టే ఆర్కిటిక్ సముద్రంలో నార్వాల్ తిమింగలం ఎలా బతుకుతుంది? దాని స్వెట్టర్ చర్మం కిందే ఉంది: సుమారు 10 సెంటీమీటర్ల కొవ్వు పొర. వీపు మీద రెక్క లేదు కాబట్టి మంచుపలకల కింద సాఫీగా ఈదుతుంది. కండరాల్లోని మయోగ్లోబిన్ ప్రాణవాయువును దాచిపెడుతుంది. అందుకే ఒక్క ఊపిరితో 1,500 మీటర్ల లోతుకూ దిగగలదు.

అయినా అది చేప కాదు. గాలి కోసం మంచు పగుళ్ల దగ్గరికి రావాల్సిందే. అవి ఒక్కసారిగా మూసుకుపోతే ఊపిరాడక చనిపోతుంది. మంచు కరిగినా ముప్పే: వేటాడే ఓర్కాలు, ఓడలు లోపలికి వస్తాయి.

‘చేపకూ తిమింగలానికీ తేడా ఏమిటి?’ అని ఈ రాత్రి అన్నాల దగ్గర మీ పిల్లలను తెలుగులోనే అడగండి. బడి పాఠాన్ని ఇంటి మాటల్లో చెప్పగలిగితే, అది అర్థమైనట్టే.